కనురెప్పకు సీమ రంగులు

తిరుపతిలో ఏ ఫ్యాన్సీ స్టోర్‌కి వెళ్లి ఐషాడో అడిగినా ముందు ముప్పై, నలభై రంగుల పెట్టె తీసి చూపిస్తారు. నీలాలు, ఆకుపచ్చలు, గులాబీలు, మెరుపులు అన్నీ అందులో ఉంటాయి. కాలేజీకో, ఆఫీసుకో, పేరంటానికో వెళ్లేటప్పుడు మనం వాడేవి మాత్రం ఓ నాలుగైదు. మిగిలినవి కొన్న రోజు ఎలా ఉన్నాయో, గడువు తీరి పారేసే రోజూ అలాగే ఉంటాయి. డబ్బు దండగ, సరుకూ దండగ. అంతకన్నా ఒక ఖాళీ పెట్టె తెచ్చుకుని, మన ఒంటిరంగుకు, మన ఎండకు, మన చీరలకు నప్పే రంగుల్ని ఒక్కొక్కటిగా ఏరి పేర్చుకోవడం ఎంతో మేలు. అలా సొంత ప్యాలెట్ కట్టుకోవాలనుకునే వాళ్ల కోసం ఈ విశేషాలు. వెతుకుతూ పోతే ఈ రంగుల కథలు చాలామటుకు తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కలే తేలాయి.

రోజుకో రంగు పూసుకునే ఊరు

ఏటా మే నెలలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మకు జాతర జరుగుతుంది. అర్ధరాత్రి చాటింపు అయ్యాక మర్నాటి నుంచి వేషాలు మొదలు. బైరాగి వేషం నాడు ఒంటికి నామంకొమ్ము తెలుపు. బండ వేషం నాడు కుంకుమ ఎరుపు. తోటి వేషం నాడు బొగ్గు నలుపు. ఆ తర్వాత దొర, మాతంగి, సున్నపుకుండలు, పేరంటాలు. ఆడవాళ్లను చెరబడుతున్న పాలెగాణ్ణి పట్టుకోవడానికి అమ్మ రోజుకో మారువేషం వేసిందనీ, చివరికి దొర వేషంలో వాణ్ణి మట్టుబెట్టిందనీ ఊళ్లో చెప్పుకునే కథ. అమ్మవారి తరఫున ఈ వేషాలు కట్టే హక్కు కైకాల వంశస్థులది. మొక్కున్నవాళ్లు మాత్రం ఎవరైనా కట్టవచ్చు. మీసం తీసేసి, చీర కట్టి, జడ వేసుకుని, కాటుక దిద్దుకున్న మగవాళ్లు ఆ వారం రోజులూ వీధుల్లో కనిపిస్తారు. చంటిపిల్లలకు కూడా తల్లులు వేషం వేసి గుడికి తీసుకొస్తారు. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలిగా పనిచేసిన జాయిస్ ఫ్లూకిగర్ ఈ జాతర మీద ఏళ్ల తరబడి పరిశోధించి 2013లో ఒక పుస్తకమే ప్రచురించారు. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది.

ఆ మొదటి మూడు వేషాల రంగుల్నీ గుర్తుంచుకోండి. తెలుపు, ఎరుపు, నలుపు. వీటికి పసుపు ఒక్కటి చేరిస్తే గోధుమరంగు ఐషాడోల్లో ఏ ఛాయనైనా కలుపుకోవచ్చు. బజార్లో నూటొక్క పేర్లతో అమ్మే గోధుమ, తేనె, చాక్లెట్, కాఫీ రంగులు ఈ నాలుగింటి పాళ్లు అటూ ఇటూ మార్చినవే.

2024 డిసెంబరులో విడుదలైన 'పుష్ప 2' సినిమాలో అల్లు అర్జున్ చీర కట్టి, ఒంటికి నీలిరంగు పూసుకుని కనిపించిన జాతర ఘట్టం దేశమంతా తెలిసింది. దాని మూలం ఈ గంగమ్మ జాతరలోని మాతంగి వేషమే.

గురువారం నాటి కళ్లు

తిరుమల శ్రీవారి నొసటి నామం చాలా పెద్దది. ఆ నామం స్వామి కళ్లను కూడా చాలామటుకు కప్పేస్తుంది. శుక్రవారం అభిషేకం అయ్యాక పచ్చకర్పూరంతో, కస్తూరితో దిద్దిన నామం మళ్లీ గురువారం దాకా అలాగే ఉంటుంది. గురువారం నాడు ఆభరణాలు సడలించి, నామాన్ని సన్నగా తగ్గిస్తారు. ఆ రోజు దర్శనానికి వెళ్లినవాళ్లకు స్వామి కళ్లు కనిపిస్తాయి. దాన్ని నేత్రదర్శనం అంటారు. గురువారం టిక్కెట్టు కోసం భక్తులు ప్రత్యేకంగా ప్రయత్నించడానికి ఇదీ ఒక కారణం. అలంకరణ తగ్గిన రోజునే కళ్లు పూర్తిగా కనిపిస్తాయన్న సంగతి, రెప్పల మీద రంగులు పూసుకునే మనం కూడా గమనించదగ్గది.

మొదటి ప్యాలెట్ రాతిది

కైరోలోని మ్యూజియంలో నార్మర్ ప్యాలెట్ అనే రాతిపలక ఉంది. క్రీ.పూ. 3100 ప్రాంతానిది, ఎత్తు రెండడుగుల పైచిలుకు. దాని మీద చెక్కిన రాజుగారి విజయగాథను చరిత్ర విద్యార్థులందరూ చదువుకుంటారు. అసలు అలాంటి పలకలు పుట్టింది కళ్లకు పూసుకునే రంగులు నూరుకోవడానికి. ఈజిప్టువాళ్లు ఆకుపచ్చ మాలకైట్ రాయినీ, నల్లటి సీసపు ఖనిజాన్నీ ఇలాంటి పలకల మీద నూరి రెప్పలకు పూసుకునేవారు. నార్మర్ పలక నడుమ కూడా రంగు నూరే గుంట ఉంది. ఐదువేల ఏళ్ల తర్వాత మనం పర్సులో వేసుకుని తిరిగే పెట్టెకు మూలరూపం అది.

ఎర్రమట్టిలో ఉన్నదే పెట్టెలోనూ

చిత్తూరు నుంచి మదనపల్లె దారిలో వెళ్తుంటే రోడ్డుకు రెండువైపులా నేల ఎర్రగా కనిపిస్తుంది. రాతిలోని ఇనుము గాలికీ నీటికీ ఆక్సైడుగా మారడం వల్ల వచ్చిన ఎరుపు అది. అదే ఇనుప ఆక్సైడు నీటి అణువుల్ని పట్టి ఉంచుకుంటే పసుపుగా ఉంటుంది. ఆ పసుపు మట్టిని కాలిస్తే నీరు పోయి ఎర్రబడుతుంది. ఇనుము, ఆక్సిజన్ మరో పాళ్లలో కలిస్తే నలుపు. అంటే ఎరుపు, పసుపు, నలుపు మూడూ ఒక్క ఇనుము నుంచే. ఐషాడో పెట్టె వెనక సన్నటి అక్షరాల్లో 77491, 77492, 77499 అని అంకెలు ఉంటాయి. అవి ఈ మూడు ఇనుప రంగుల అంతర్జాతీయ సంఖ్యలు. 77891 అంటే తెలుపు, టైటానియం డయాక్సైడ్.

అలాగని పొలంలో మట్టి తీసి రెప్పకు పూసుకోకూడదు. సహజమైన మట్టిలో ఇనుముతో పాటు సీసం, ఆర్సెనిక్ కూడా ఉండే అవకాశం ఉంది. అందుకే సౌందర్య సాధనాల్లో వాడే ఇనుప ఆక్సైడ్లను ఫ్యాక్టరీల్లో శుద్ధంగా తయారుచేస్తారు.

మన చామనఛాయ ఒంటికి కొన్ని ఐషాడోలు పూయగానే బూడిద పూసినట్టు తెల్లబారతాయి. చాలామంది తప్పు తమ రంగుదనుకుంటారు. తప్పు పెట్టెది. అందులో తెల్లటి టైటానియం, టాల్కం పాళ్లు ఎక్కువ, ఇనుప రంగులు తక్కువ. తెల్లటి ఒంటిని దృష్టిలో పెట్టుకుని కలిపిన మిశ్రమం అది. మనం ఏరుకోవాల్సింది ఎరుపు, పసుపు పాళ్లు దండిగా ఉన్న గోధుమలు. వేలితో ఒక్కసారి తాకి ముంజేతి మీద గీస్తే, రెండోసారి రుద్దకుండానే రంగు కనబడాలి. అలా కనబడనిదాన్ని ఎంత తక్కువకు ఇచ్చినా కొనొద్దు.

శ్రీకాళహస్తి నలుపు

ఇనుముతో నలుపు చేయడంలో శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లది వేరే దారి. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి కుండలో రెండు మూడు వారాలు పులియబెడతారు. పులిసిన ఆ నీళ్లను కసీం అంటారు. చూడటానికి అది నల్లగా ఉండదు. ముందే కరక్కాయ రసంలో, గేదెపాలల్లో ముంచి ఆరబెట్టిన నూలు గుడ్డ మీద కలంతో గీత గీయగానే, కరక్కాయలోని వగరుకు ఇనుము తగిలి గీత నల్లబడుతుంది. కలం అంటే వెదురుపుల్ల. మొన చెక్కి, పైన ఉన్నినో గుడ్డనో చుట్టి దారంతో కడతారు. ఆ ఉండను రంగులో ముంచి వేళ్లతో మెల్లగా ఒత్తితే రంగు మొన దాకా దిగుతుంది. ఒత్తిడి ఎక్కువైతే చుక్క పడి బొమ్మ పాడవుతుంది. కళ్లు గీసేటప్పుడు ఈ ఒత్తిడి మీదే అంతా ఆధారపడి ఉంటుంది. పై రెప్ప గీత లావుగా మొదలై చెవివైపు సన్నబడాలి. ఐలైనర్ దిద్దుకోవడం నేర్చుకునే అమ్మాయిలు ఏ వీడియో చూసే ముందైనా ఒక మంచి కాళహస్తి కలంకారీలో అమ్మవారి కళ్లను దగ్గరగా చూడమని నా సలహా. లావు ఎక్కడ, సన్నం ఎక్కడ, గీత ఎక్కడ ఆగాలి అన్నీ అందులో ఉన్నాయి.

పటంలో రంగులకు లెక్క కూడా ఉంది. దేవతలకు నీలం, స్త్రీలకు పసుపు, రాక్షసులకు ఎరుపు. ఎరుపుకు పటిక పూసి మంజిష్ఠ వంటి వేళ్లతో, చెక్కలతో ఉడకబెడతారు. పసుపు కరక్కాయ పువ్వు నుంచి, నీలం నీలిమందు నుంచి. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ. ఇంత పెద్ద భారత, రామాయణ కథలన్నీ ఆ నాలుగైదు రంగులతోనే నడుస్తాయి. కాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఈ కళకు పేరు తెచ్చిన జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

మెరుపు గూడూరుది

చిన్నప్పుడు కాకిబంగారం ముక్కలు ఏరి పుస్తకాల్లో దాచుకోని పిల్లలు గూడూరు, సైదాపురం వైపు ఉండరు. అదే అభ్రకం, మైకా. నెల్లూరు అభ్రకానికి ఒక ఆకుపచ్చ ఛాయ ఉంటుందని ఖనిజశాస్త్ర పుస్తకాలు ప్రత్యేకంగా రాస్తాయి. పందొమ్మిదో శతాబ్దపు చివర నుంచీ అక్కడ గనులు తవ్వారు. 2022లో జిల్లాలు విభజించినప్పుడు గూడూరు కొత్త తిరుపతి జిల్లాలో చేరింది. ఆ గనుల సరుకు ఎక్కువగా విద్యుత్ పరికరాల్లోకి పోయింది.

ఐషాడోలో మెరుపు ఎక్కువగా ఈ మైకాదే. పెట్టె వెనక 77019 అని ఉంటే అదే. మైకా పొరను పొడిచేసి, ఆ రేకుల మీద టైటానియం డయాక్సైడును అతి పల్చగా పూస్తారు. ఆ పూత మందం 50 నానోమీటర్ల దగ్గర ఉంటే వెండి మెరుపు. కాస్త మందమైతే బంగారు. ఇంకా పెరిగితే ఎరుపు, తర్వాత నీలం, ఆపైన ఆకుపచ్చ. ఇందులో రంగు పదార్థమే లేదు. వెలుతురు ఆ పూత పైనుంచీ అడుగునుంచీ తిరిగొచ్చి ఒకదానిలో ఒకటి కలవడం వల్ల రంగు పుడుతోంది. సబ్బు బుడగ మీద కనిపించే రంగులకు కారణమూ ఇదే. టైటానియంకు బదులు ఇనుప ఆక్సైడు పూస్తే కంచు, రాగి మెరుపులు వస్తాయి. మన ఒంటికి అన్నిటికన్నా నప్పేవి అవే.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పక తప్పదు. సౌందర్య సాధనాలకు వెళ్లే భారతీయ మైకా ఎక్కువగా జార్ఖండ్, బిహార్ నుంచి వస్తుంది. అక్కడ పిల్లలు కూడా మైకా ఏరే పని చేస్తున్నారని ఏళ్లుగా బయటపడుతూనే ఉంది. దాన్ని ఆపడానికి కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి 2017లో రెస్పాన్సిబుల్ మైకా ఇనిషియేటివ్ అనే సంస్థను పెట్టుకున్నాయి. కొన్ని కంపెనీలు ఫ్యాక్టరీలో తయారయ్యే మైకాకు మారాయి. లేబుల్ మీద 'సింథటిక్ ఫ్లోర్‌ఫ్లోగోపైట్' అని కనిపిస్తే అది గనిలో తవ్వింది కాదు. పైగా అది మరింత తేటగా మెరుస్తుంది. మెరుపు రంగు ఒక్కటే కొంటున్నప్పుడు నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇలాంటిది ఏరుకోవచ్చు. సొంత ప్యాలెట్‌తో ఉన్న ఒక లాభం ఇదే.

మరో ఖనిజం సంగతి: ఐషాడోల్లో బరువుకూ తెలుపుకూ వాడే వాటిలో బేరియం సల్ఫేట్ ఒకటి. ప్రపంచంలోని అతిపెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి రైల్వేకోడూరు దగ్గరి మంగంపేటలో ఉంది. ఆ ఖనిజంలో ఉండేదీ బేరియం సల్ఫేటే. మంగంపేట సరుకు ఎక్కువగా చమురు బావుల తవ్వకానికి పోతుంది.

నాగజెముడు మీది పురుగు

గులాబీ, ఊదా, దానిమ్మ రంగు ఐషాడోల వెనక 75470 అనే సంఖ్యో, 'కార్మైన్' అనే మాటో ఉంటే అది ఒక పురుగు నుంచి తీసిన రంగు. నాగజెముడు మీద బతికే కోచినీల్ అనే చిన్న పురుగును ఎండబెట్టి, నూరి ఈ ఎరుపు తీస్తారు. కిలో ఎండు పురుగులు కావాలంటే లక్షకు పైగా ఏరాలి. ఇవాళ ఎక్కువగా పెరూ దేశం నుంచి వస్తోంది. శాకాహారులు, ముఖ్యంగా కొండకు నియమంతో వెళ్లేవాళ్లు ఈ అంకెను తప్పక చూసుకోవాలి.

ఈ పురుగుకూ మన ప్రాంతానికీ పాత లెక్క ఉంది. స్పెయిన్ గుత్తాధిపత్యంలో ఉన్న ఆ ఎరుపు కోసం ఈస్టిండియా కంపెనీ తహతహలాడింది. మద్రాసులో వైద్యుడిగా ఉన్న జేమ్స్ ఆండర్సన్ సైదాపేటలో నాగజెముడు తోట పెంచి పురుగు కోసం ఎదురుచూశాడు. 1795లో కెప్టెన్ నీల్సన్ అనే సైనికాధికారి బ్రెజిల్‌లోని రియో డి జనీరో నుంచి పురుగులు తెచ్చాడు. తెచ్చింది అసలు కోచినీల్ కాదు, దాని అడవి చుట్టం. దాంతో వచ్చిన రంగు నాసిరకం. కానీ ఆ పురుగు ఒక రకం నాగజెముడును మొదలంటా తినేసింది. తర్వాత 1860ల్లో దాన్నే దక్షిణాదికి తెచ్చి, పొలాలను ఆక్రమించిన ఆ జాతి నాగజెముడు మీదికి వదిలారు. కలుపు మొక్కను పురుగుతో చంపించడానికి ప్రపంచంలో జరిగిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. అప్పటికీ చావని మరో జాతి కోసం 1926లో వేరే పురుగును శ్రీలంక నుంచి తెప్పించారు. ఎరుపు రంగు కోసం వేసిన పథకం చివరికి రైతుల పొలాలను బాగుచేసింది.

అర్దళం, సీసం: రెండూ వద్దు

పాత రోజుల్లో భాగవతులు, వీధినాటకాలవాళ్లు ముఖానికి అర్దళం పూసుకునేవారు. కాగడా వెలుతుర్లో ముఖం పసిడిలా వెలిగేది. చిత్తూరు జిల్లాలో ద్రౌపదీదేవి గుళ్ల దగ్గర ఇప్పటికీ భారతం తిరునాళ్లు జరుగుతాయి. రాత్రంతా వీధినాటకం, అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, ఆఖరిరోజు నేల మీద పరిచిన మట్టి దుర్యోధనుడి వధ. వేషాలకు ఇప్పుడు బజారు రంగులే. ఆ మార్పు మంచిదే, ఎందుకంటే అర్దళం అంటే ఆర్సెనిక్, గంధకం కలిసిన ఖనిజం. ఏళ్ల తరబడి పూసుకుంటే ఒంటికి విషం.

సుర్మా సంగతీ అంతే. సంప్రదాయ సుర్మాలో ఉండేది ఎక్కువగా సీసపు ఖనిజం. పసిపిల్లలకు పెడితే, వాళ్లు కళ్లు నలిపి వేళ్లు నోట్లో పెట్టుకుంటారు, సీసం ఒంట్లోకి చేరి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. మన అవ్వలు ఇంట్లో చేసిన కాటుకది వేరే పద్ధతి. గుంటగలగరాకు రసంలో ముంచి ఆరబెట్టిన గుడ్డను వత్తి చేసి, ఆముదంతో దీపం వెలిగించి, పైన బోర్లించిన రాగి పళ్లెంలో పట్టిన మసిని నేతితోనో ఆముదంతోనో రంగరించేవారు. అందులో సీసం వేయరు. అయినా మసి మసే. ఎంత శుభ్రంగా చేసినా పసివాళ్ల కళ్లలో పెట్టొద్దని వైద్యులు చెబుతారు. దిష్టిచుక్కగా చెంపకో, అరికాలికో పెట్టండి.

మన దేశంలో సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలతో రంగు వేసిన సౌందర్య సాధనాలు తయారుచేయడం నిషిద్ధం. 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం రంగు పదార్థాల్లో కల్తీగా చేరే సీసం 20 పీపీఎం, ఆర్సెనిక్ 2 పీపీఎం దాటకూడదు. పెట్టె మీద తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, పదార్థాల జాబితా ఉండాలి. దిగుమతి సరుకైతే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. రోడ్డు పక్కన వందకు దొరికే యాభై రంగుల పెట్టెల మీద వీటిలో ఎన్ని ఉన్నాయో మీరే చూడండి.

ఇక పెట్టె కడదాం

ఖాళీ ప్యాలెట్ అంటే అడుగున అయస్కాంతపు షీటు ఉన్న డబ్బా. ఐషాడో విడిగా చిన్న రేకు పాన్‌లో దొరుకుతుంది. గుండ్రటి పాన్ చాలా కంపెనీల్లో 26 మిల్లీమీటర్లే ఉంటుంది కాబట్టి ఒక కంపెనీ పాన్ ఇంకో కంపెనీ పెట్టెలో సరిపోతుంది. ఇనుప రేకైతే అంటుకుంటుంది, అల్యూమినియంది అంటుకోదు. అల్యూమినియం పాన్ అడుగున చిన్న ఇనుప స్టిక్కరు అంటిస్తే సరి. ఖరీదైన పెట్టే కావాలని లేదు. పాత ఇనుప జామెట్రీ బాక్స్‌ను శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, అడుగున అయస్కాంతపు షీటు అంటించినా పని జరుగుతుంది.

రంగులు ఏవి? మొదటిది, మీ ఒంటిరంగు కన్నా పిసరంత ముదురు, మెరుపులేని గోధుమ. రెప్ప మడత మీద వేసేది ఇదే. రోజూ వాడేదీ, అన్నిటికన్నా ముందు అరిగేదీ ఇదే, కాబట్టి ఎంపికకు ఎక్కువ సమయం దీని మీదే పెట్టండి. రెండోది, వాన పడ్డ సీమ నేల రంగు, ఎరుపు కలిసిన గోధుమ. చామనఛాయ నుంచి నలుపు దాకా ఏ ఒంటికైనా ఇది నప్పుతుంది. మూడోది, నలుపుకు దగ్గరగా ఉన్న గోధుమ. తడి బ్రష్‌తో అద్దితే ఐలైనర్‌గా పనికొస్తుంది, కాటుక అవసరం ఉండదు. నాలుగోది, రాగి కలిసిన బంగారు మెరుపు. వెంకటగిరి చీర జరీ పక్కన పెట్టి చూసి ఎంచుకోండి. మరీ పచ్చగా ఉంటే జరీతో పోటీ పడుతుంది.

ఐదోది నేను గట్టిగా చెప్పే రంగు, కనకాంబరం. మన ఆడవాళ్లలో చాలామందికి రెప్పల మీద, కళ్ల చుట్టూ నీలం కలిసిన నలుపు ఉంటుంది. నీలానికి విరుగుడు నారింజ. మెరుపులేని కనకాంబరం రంగును రెప్ప మీద పల్చగా అద్దితే ఆ నలుపు తగ్గి ముఖం తేరుకుంటుంది. తలలో కనకాంబరాలు పెట్టుకున్న రోజు రెండూ జోడీ. కావాలంటే ఆరోదిగా నేరేడు రంగు. అంతకు మించి రోజువారీకి అవసరం లేదు.

షాపులోని ఎల్‌ఈడీ వెలుతురును నమ్మొద్దు. అక్కడ ఎర్రగా కనిపించింది ఎండలో బూడిదగా తేలవచ్చు. ముంజేతి లోపలివైపు గీసుకుని, బయటికొచ్చి, పది నిమిషాలు ఎండలో నడిచి అప్పుడు చూడండి. అందరూ వేళ్లు పెట్టిన టెస్టర్‌ను మాత్రం రెప్పకు తాకించొద్దు.

మన ఎండ సంగతి తెలిసిందే. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో క్రీమ్ ఐషాడో మధ్యాహ్నానికి మడతలోకి జారిపోతుంది. పొడి రకమే మేలు. వేసే ముందు రెప్ప మీది జిడ్డును టిష్యూతో అద్ది, పల్చగా ప్రైమర్ రాసి, ఆరాక రంగు వేయండి. కారు డ్యాష్‌బోర్డులో, ఎండ పడే కిటికీలో ప్యాలెట్ వదిలేయకండి.

పగిలితే పారేయొద్దు

చేజారి పడి ఐషాడో పిండిపిండి అయితే బాగుచేసుకోవచ్చు. పొడిని పాన్‌లోనే గడ్డలు లేకుండా మెత్తగా నలిపి, సర్జికల్ స్పిరిట్ చుక్కలు చుక్కలుగా వేసి ముద్ద చేయండి. స్పూను వెనకవైపుతో చదును చేసి, పైన శుభ్రమైన నూలు గుడ్డ పరిచి, నాణెంతో గట్టిగా అదమండి. గుడ్డ తడిని పీల్చుకుంటుంది, గుడ్డ నేత అచ్చు రంగు మీద పడుతుంది. ఒక రోజంతా మూత తీసి ఆరనివ్వండి. నీళ్లు మాత్రం వాడొద్దు, బూజు పడుతుంది. మెరుపు రకాలు ఇలా చేశాక కాస్త గట్టిపడి, మెరుపు కొద్దిగా తగ్గుతుంది.

పెట్టె మీద మూత తెరిచిన డబ్బీ బొమ్మ, అందులో 12ఎం, 24ఎం అని ఉంటే, తెరిచాక అన్ని నెలలు వాడవచ్చని అర్థం. పొడి ఐషాడోలు ఎక్కువ కాలం ఉంటాయి. మస్కారా, ద్రవ ఐలైనర్ మూణ్ణాలుగు నెలలకే మార్చాలి. కళ్లకలక వస్తే, ఆ సమయంలో వాడిన మస్కారా, కాటుక పుల్ల, స్పాంజి పారేయాల్సిందే. బ్రష్‌లు వారానికోసారి బేబీ షాంపూతో కడగాలి. అక్కచెల్లెళ్లయినా సరే కాటుక, బ్రష్ పంచుకోవద్దు. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవాళ్లు ముందు లెన్స్ పెట్టుకుని, తర్వాత రంగు వేసుకోవాలి, పెద్ద మెరుపు రేకులున్న రకాలకు దూరంగా ఉండాలి.

ఈసారి ఫ్యాన్సీ స్టోర్‌కి వెళ్లినప్పుడు పెట్టె ముందువైపు కాదు, వెనకవైపు తిప్పి చూడండి. 774తో మొదలయ్యే ఇనుప రంగులు, 77019 మైకా, శాకాహారులైతే 75470 లేకపోవడం, ఆపైన లైసెన్స్ నంబరు, గడువు తేదీ. పదార్థాలు, లైసెన్స్, గడువు రాయని పెట్టెను ఎంత చవకగా ఇచ్చినా కంటి దగ్గరికి రానివ్వకండి. మీ కూతురి చేతిలో అలాంటిది ఉంటే ఇవాళే తీసేసి, దాని బదులు మంచి గోధుమరంగు పాన్ ఒక్కటి కొనివ్వండి.